బేస్ పెట్టె

పెట్టెది తప్పు కాదు. పెట్టెకేం తెలుసు, చెక్కా గుడ్డా అయస్కాంతమూ కలిపి బిగించిన డబ్బా అది. తప్పు దాన్ని భుజాన మోసుకొచ్చినవాడిది. మోసుకొచ్చినవాడిది మాత్రం ఎంతవరకని తనకు తానే అడ్డం తిరిగి, అడ్డం తిరిగినందుకు తన మీదే మండిపడి, రఘుపతి పరుపు మీద గోడ వైపుకు ఒత్తిగిలాడు. కోపానికి ఒక మనిషి కావాలి. దొరక్కపోతే అది వస్తువుల మీద పడుతుంది. పొద్దుటి నుంచి చాయ్ గ్లాసు మీదా, తెగిన చెప్పు మీదా, తలుపు గొళ్ళెం మీదా విసుక్కుంటూనే ఉన్నాడు. ఇప్పుడు గది మధ్యలో నల్లగా, పీటంత ఎత్తున, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న ఈ బేస్ పెట్టె వంతు వచ్చింది.

అసలు ఈ గదిలోకి కోపం వచ్చింది కిందటి వారం, ఒక కేసెట్టులో.

పొట్ట కోసం వచ్చిన ఈ ఎడారి దేశంలో, ఘాలా అనే పేటలో, రేడియోలూ టేపులూ బాగుచేసే షాపు ఒకటుంది. అందులో పనిచేసేవాడు కడప అజ్మత్. ఆ షాపు వెనక గదిని అతనూ, సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన రఘుపతీ కలిసి, ఉండడానికీ పాటలు రికార్డు చేయడానికీ పనికొచ్చే గదిగా మార్చుకున్నారు. రఘుపతి పగలంతా కంపెనీ తరఫున ఇళ్ళ కప్పులెక్కి ఏసీలు బిగించే మెకానిక్. పనివాళ్ళ క్యాంపుల్లో పారేసిన స్పాంజి పరుపులు తెచ్చి గోడలకు అంటించారు. నాలుగు ట్రాకుల టేపు మెషిన్ ఒకటీ, కలిపిన పాటను విని సరిచూసుకోవడానికి రెండు చిన్న మానిటర్ స్పీకర్లూ సంపాదించారు. శుక్రవారం వస్తే ఊరి పాటలు వచ్చినవాళ్ళు వచ్చి పాడేవారు. వాళ్ళందరి పాటలకూ డప్పు ఒక్కడిదే. పెద్దులుది.

పెద్దులు రఘుపతి ఊరివాడు, డ్యూటీలో అతని హెల్పర్. ఏడాది కిందట ఒక శుక్రవారం ఈ గదిలోనే డప్పు కొట్టాడు. మర్నాడు అమెరాత్‌లో ఒక విల్లా మీదికి ఏసీ లాగుతుంటే తాడు జారి, అతని కుడి మణికట్టుకు చుట్టుకుని పిట్టగోడ అంచుకేసి నలిపేసింది. కింద నిలబడి "లాగన్నా" అని కేకేసింది రఘుపతి. ఆ కేక ఒక్క క్షణం ముందు వేశానన్నది అతనికి ఎవరూ చెప్పని, అతను ఎవరికీ చెప్పని నమ్మకం. కంపెనీ పెద్దులును ఇంటికి పంపించేసింది. సీబ్ విమానాశ్రయంలో, పట్టీ కట్టిన చేతిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, అతను నవ్వాడు.

"చెయ్యి పోతె పోనీ తమ్మీ. నా దెబ్బ నీ టేపుల ఉన్నది కద. అది పైలం."

ఆ దెబ్బను ఇద్దరూ కలిసి ఏడాది పాటు పాటల కింద పరిచి, సరిచేసి, కేసెట్టుగా నింపి ఊరికి పంపారు. ఉత్తరాల కన్నా మాటలు నింపిన కేసెట్లే ఇళ్ళ నుంచి ఎక్కువగా వచ్చే రోజులవి. సెలవు ముగించుకుని తిరిగొచ్చినవాడి సంచిలో పచ్చడి సీసాతో పాటు జవాబు వచ్చింది. పెద్దులు భార్య యాదవ్వ గొంతు. వెనక చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు.

"తమ్మీ రఘుపతీ, అందరు మంచిగున్నరా? నువ్వు పంపిన పాటలు ఇన్నం. ఒక్క మాటంట, తప్పు పట్టకు. గిది మా ఆయన దెబ్బ గాదు. ఎవ్వడో కడుపు నిండినోడు కొట్టిండు. మా ఆయన కొడితె బొక్కలకు తాకుతది. గిది బొక్కెన బాయిల పడ్డట్టున్నది. ఆయన సగం ఇని లేశి పోయిండు. గప్పటి సంది మాట్లాడుతలేడు. చెయ్యి పోయినంక గూడ గింత ఖరాబు కాలేదు మనిషి. ఆయనది ఆయనకు పంపు తమ్మీ."

అంతే. మిగిలిన టేపంతా చాట చప్పుడే.

ఈ సాయంత్రం వాళ్ళ ఊరివాడు జయరాముడు సెలవు మీద ఊరికి పోతున్నాడు. మధ్యాహ్నం దాటాక వచ్చే అసర్ నమాజు కాగానే పికప్ తీసుకొచ్చి, సరిచేసిన కేసెట్టు పట్టుకుపోతానన్నాడు. అతను దాటిపోతే మళ్ళీ ఆ ఊరివాడు ఎప్పుడు పోతాడో తెలియదు. పొద్దుటి నుంచి పదేపదే విన్నారు. ఆ చిన్న స్పీకర్లలో డప్పు చక్కగా, గుండ్రంగా, ఎక్కడా తేడా లేకుండా ఉంది. తేడా కనపడకపోవడమే రఘుపతిని పిచ్చెక్కిస్తోంది. యాదవ్వ మీద కోపం తెచ్చుకోలేడు. పెద్దులు మౌనం మీద అసలే తెచ్చుకోలేడు. ఆ కోపం ఇలా గదంతా తిరుగుతుండగా, జుమ్మా నమాజుకని వెళ్ళిన అజ్మత్ రువీ బజారు నుంచి ఈ పెట్టె మోసుకుని దిగాడు.

అజ్మత్ చెప్పిందాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. అదే ఇంకా మంట. మన స్పీకర్లు చిన్నవి, అడుగు శబ్దం వాటికి అందదు, కాబట్టి అడుగున ఏముందో చూడకుండానే కలిపాం, కళ్ళకు గంతలు కట్టుకుని కూరలో ఉప్పు వేసినట్టు, ఈ పెట్టె పెడితే ఆ అడుగు వినపడుతుంది, వినపడితే సరిచేస్తాం. షరీఫ్ తన షాపులోంచి రేపటి వరకు వాడి చూడమని ఇచ్చాడు, నచ్చకపోతే తిరిగిచ్చేయవచ్చు. ఈ మాటలన్నీ అతను పెట్టె పక్కన గొంతుక్కూర్చుని, తీగెలు విప్పుకుంటూ, పిల్లవాడికి ఇంజక్షన్ గురించి చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు.

రఘుపతి లేచి కూర్చున్నాడు. ఊళ్ళో ఎవడి దగ్గరుంది బేస్ పెట్టె, అని మొదలుపెట్టాడు. వాళ్ళు వినేది అరుగు మీది టేపులో. మనం ఇక్కడ మహారాజుల్లా అడుగు శబ్దాలు వింటూ కలిపితే అక్కడికి చేరేది ఇంకో అబద్ధం. ఇంత చిన్న గదిలో ఆ పెట్టె పెడితే శబ్దమంతా మూలల్లో పోగవుతుంది. చెవికి తియ్యగా ఉంటుంది, మనిషిని మోసం చేస్తుంది. ఈ వాదన కూడా తప్పు కాదు. కానీ తాను వాదిస్తున్నది పెట్టె గురించి కాదని అతనికి తెలుస్తూనే ఉంది. మాట ఒకచోట తవ్వుతోంది, నీళ్ళు ఇంకోచోట ఉన్నాయి. ఆ ఇంకోచోటికి పోవడానికి వారం నుంచి భయపడుతున్నాడు. భయం తీరలేదు గానీ కోపం దాన్ని దాటేసింది.

"ఒక్కటి నిజం చెప్పు అజ్మత్ భాయ్. పెద్దులన్న దెబ్బ తీసేసి నీ కీబోర్డు దెబ్బ పెట్టినవా?"

అజ్మత్ తీగె విప్పడం ఆపాడు. ముఖంలో రంగు మారలేదు. చేతులు మాత్రం ఒళ్ళోకి వెళ్ళిపోయాయి.

"ఇదా నీ కడుపులో ఉండేది? అల్లా కసమ్ రఘూ, వారం నుంచి చూస్తాండా, అన్నం సరిగ్గా తినవు, మాట్లాడితే కరుస్తావు. దొంగని నేనా?"

"మరి యాదవ్వ అబద్ధమాడుతదా?"

"ఆయమ్మ ఎందుకాడుతాది? దెబ్బ మార్చింది నేను గాదు. ఆ బేస్ గుండీ మీద వేలు ఎవరిదప్పా? ఇంకొంచెం, ఇంకొంచెం అని తిప్పిందెవరు? అన్న డప్పు మెత్తగుండాది, బలం చాల్లేదు అని ఏడ్చిందెవరు? చాలు మియా, మునిగిపోతాది అని నేను మూడు మాట్లు చెప్పినా. నువ్వు నా పక్కకి చూళ్ళేదు."

అది నిజం. నిజం కాబట్టి రఘుపతికి అది వినపడలేదు. మనసుకు ఒక విద్య ఉంది: తనకు తగిలే మాటను చెవి దగ్గరే ఆపి, దాని స్వరాన్ని మాత్రం లోపలికి పంపుతుంది. అతనికి లోపలికి వచ్చింది అజ్మత్ స్వరంలోని వెటకారం ఒక్కటే.

మెకానిక్‌వు గదా, అని అజ్మత్ ఆగకుండా అంటించాడు; మెట్ల మీద ఉండగానే ఏ కంప్రెసర్ బేరింగు పోయిందో చెప్తావని క్యాంపంతా పేరు, ఇంటి డప్పు మాత్రం తెలియలేదేం. ఆ మాటతో రఘుపతి నిలబడ్డాడు. తన చెవి మీద అతనికి గర్వం. ఇక్కడ ఈ దేశంలో తనకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే. ఈ గది కిటికీలో ఉన్న ఏసీ కూడా పాత సామానులోంచి ఏరి, తన చేత్తో బాగుచేసి బిగించిందే. శబ్దమే రాదని, అది నడుస్తున్నట్టే తెలియదని వచ్చినవాడికల్లా చెప్పుకునేవాడు.

"పెట్టు" అన్నాడు. "నీ పెట్టె పెట్టు. ఇయ్యాల తేలిపోవాలె. దీంతోని ఒక్క అక్షరం ఎక్కువ వినబడ్డా నేను ఈ గదిల అడుగు పెట్ట."

పెట్టడానికి చోటు లేదు. గదికి రెండే సాకెట్లు. ఒకదానికి గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డులో మెషిన్, స్పీకర్లు, అజ్మత్ కీబోర్డు, దీపం అన్నీ ఇరుక్కుని ఉన్నాయి. రెండోది ఏసీది. అజ్మత్ బేస్ పెట్టె ప్లగ్గు చేతిలో పట్టుకుని ఎటూ తోచక చూశాడు. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. చిన్న స్పీకర్లలో ఆ గుండ్రటి, చక్కటి డప్పు, ఎవరి గొడవా తనకు పట్టనట్టు.

రఘుపతి రెండంగల్లో గోడ దగ్గరికి వెళ్ళి ఏసీ ప్లగ్గును పట్టుకు లాగేశాడు.

ఏసీ ఒకసారి వణికి ఆగింది.

ముందుగా గది పెద్దదైంది. అలా అనిపించింది. గోడలు వెనక్కి జరిగినట్టు. తర్వాత చెవుల్లో ఏదో బిరడా ఊడినట్టు. ఆ తర్వాత డప్పు వచ్చింది. అవే చిన్న స్పీకర్లు, అదే టేపు, గుండీలన్నీ పొద్దుటి నుంచి ఉన్నచోటే ఉన్నాయి. కానీ ఇప్పుడు వస్తున్నది ఉబ్బి, నీరుపట్టి, దుబ్బుదుబ్బుమంటున్న ఒక వికారపు చప్పుడు. పాడేవాడి గొంతు దాని కింద ఊపిరాడక కొట్టుకుంటోంది. బొక్కెన బావిలో పడ్డట్టు. అచ్చం అలాగే.

ఇద్దరూ చెరొక ప్లగ్గు చేతిలో పట్టుకుని నిలబడిపోయారు.

కాసేపటికి అజ్మత్ మెల్లగా నవ్వు మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. రఘుపతి నవ్వలేదు. అతనికి అర్థమైంది. పాడేటప్పుడు, కొట్టేటప్పుడు మైకులో పడుతుందని ఏసీ ఆపేవాళ్ళు. చెమటలు కక్కుతూ రికార్డు చేసేవాళ్ళు. అవగానే ఎవరో ఒకరు పరుగెత్తి ఏసీ వేసేవాళ్ళు. వినడం, కలపడం, సరిచూడడం అన్నీ చల్లగా కూర్చున్నాకే. ఆ చల్లదనం అడుగున ఒక మూలుగు ఎప్పుడూ ఉండేది. ఈ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి అది రూములో ఉంది, బస్సులో ఉంది, నిద్రలో ఉంది. నిశ్శబ్దమంటే అదేననుకున్నాడు. డప్పు అడుగుశబ్దాన్నంతా ఆ మూలుగు తాగేస్తుంటే, లేదు లేదని తను గుండీ తిప్పుతూ పోయాడు. ఊళ్ళో, ఏసీ లేని అరుగు మీద, తను పోసిందంతా ఒక్కసారిగా పెద్దులు చెవిలో పడింది.

పరాయి ఇళ్ళ ఏసీల్లో చీమంత చప్పుడు పట్టేవాడు తన ఏసీని వినలేదు. కోపం తిరిగి తిరిగి చివరికి ఇంటి దారి పట్టింది. అది వచ్చి తన మీద కూర్చుంటే ఒకరకంగా హాయిగానే ఉంది. కనీసం చోటు దొరికింది.

"పెట్టె వాపసు ఇచ్చేస్తాలే" అన్నాడు అజ్మత్, ప్లగ్గును దాని తీగెతోనే చుట్టి పెట్టె మీద పెడుతూ. "షరీఫ్ నవ్వుతాడు. నవ్వనీ. కానీ టైము లేదు, ఆ గుండీ దించు ముందు."

రఘుపతి ఏసీ ప్లగ్గును నేల మీద వదిలేసి మెషిన్ ముందు కూర్చున్నాడు. గదిలో అప్పుడే ఉక్క పేరుకుంటోంది. మిగిలిన ట్రాకులన్నీ మూసి డప్పు ఒక్కటే ఉంచాడు. బేస్ గుండీని నెమ్మదిగా కిందికి తెచ్చాడు. వాపు దిగింది. దిగినకొద్దీ లోపలి నుంచి మనిషి బయటపడ్డాడు. ఎడమ చేతి సన్నపుల్ల చిటచిట, చురుగ్గా, కొంటెగా, పెద్దులే. సందేహం లేదు. రఘుపతి కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అతను డప్పును మేడ మీది నీళ్ళ ట్యాంకు పక్కన ఎండలో కాచి, చర్మం చల్లారకముందే మెట్లు దిగి పరుగెత్తుకొచ్చిన తీరు కళ్ళకు కట్టింది.

అప్పుడే ఇంకొకటి వినపడింది. కుడి చేతి చిర్ర. లావు కర్ర, దెబ్బకు బరువిచ్చేది. అది సరిగ్గా పడటం లేదు. ఒక దెబ్బ పడి, రెండోది వెంట్రుకవాసి ఆలస్యంగా, మూడోది చర్మాన్ని తాకీ తాకనట్టు. ఎడమ చెయ్యి దాన్ని కప్పిపుచ్చడానికి రెట్టింపు కొడుతోంది. తనకు అప్పట్లో డప్పు మెత్తగా ఉందనిపించింది ఏసీ వల్ల మాత్రమే కాదు. నిజంగానే మెత్తగా ఉంది. పెద్దులు డప్పు అలా ఉండదు. యాదవ్వ చెప్పినట్టు అది బొక్కలకు తాకుతుంది, ఎముకల దాకా పోతుంది.

అజ్మత్ చాలన్నాడు. బాగుంది, ఇదే నింపేద్దాం అన్నాడు. అతని గొంతులో ఇందాకటి వెటకారం లేదు. తొందర ఉంది. రఘుపతి చెయ్యెత్తి ఆగమన్నాడు. వాళ్ళు ఎప్పుడూ చివరి దెబ్బ దగ్గర టేపు ఆపేసేవారు; ఆ తర్వాత ఏముంటుంది, ఖాళీ టేపు. ఈసారి అతను ఆపలేదు. ఎందుకు ఆపలేదో అతనికీ తెలియదు. ఊరికే కూర్చుని వినడానికి ఇంత నిశ్శబ్దం చాలా ఏళ్ళ తర్వాత దొరికింది, దాన్ని ఇంకాస్త విందామనిపించింది కాబోలు.

చివరి దెబ్బ. డప్పును నేల మీద ఆనించిన చప్పుడు. తలుపు తెరుచుకుని మూసుకుంది; చాయ్ తేవడానికి వెళ్ళింది తనే, గుర్తుంది. ఆ తర్వాత మెషిన్ ఆపడం మరిచిపోయిన గదిలో, మైకుకు దూరంగా, పెద్దులు గొంతు.

"భాయ్, నిన్నటి సంది కుడి చెయ్యి తిమ్మిరి పడుతున్నది. వేళ్ళల్ల సోయి లేదు. చిర్ర పట్టు దొరుకుతలేదు చూశినవా." కొంచెం ఆగాడు. "రఘుపతికి చెప్పకు. రేపు అమెరాత్‌ల తాడు పని ఉన్నది. తెలిస్తె నన్ను దించేస్తడు. దించితె కంపెనీ ఇంటికి తోలుతది."

తర్వాత ఇంకో గొంతు. దగ్గరగా, స్పష్టంగా, కడప యాసలో.

"చెప్పన్లేప్పా."

ఆ వెంటనే టక్కుమని ఏసీ స్విచ్చు. మూలుగు మొదలై, అన్నిటినీ కప్పేసింది. అక్కడితో టేపు ఆగింది.

ఏడాది. రఘుపతి ఏడాది పాటు ప్రతిరాత్రీ ఆ కేకను వెనక్కి లాక్కున్నాడు. "లాగన్నా" అన్న మాటను నోట్లోనే ఆపి చూశాడు, ఒక క్షణం ఆగి వేసి చూశాడు, అసలు వేయకుండా చూశాడు. ఎలా చేసినా ఆ కలలో తాడు జారుతూనే ఉండేది. ఈ మనిషి పక్క పరుపు మీదే పడుకున్నాడు. నిద్రలో అరుస్తుంటే లేపి నీళ్ళిచ్చాడు. నీ తప్పేం లేదు రఘూ అని మాత్రం అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. అంటే ఎందుకు లేదో చెప్పాల్సి వస్తుంది.

అతను తల తిప్పి చూశాడు. అజ్మత్ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. కళ్ళు నేల మీద ఉన్నాయి. ఏసీ ప్లగ్గు మీద.

"ఉక్కపోస్తాండాది" అన్నాడు అజ్మత్. "ఏసీ పెడ్తా." వంగాడు.

బయట సందులో పికప్ ఆగింది. జయరాముడు హారన్ కొట్టాడు, ఒకసారి పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. తలుపు మీద అతని చెయ్యి పడటానికి ఎంతోసేపు పట్టదు.

రఘుపతి లేవలేదు, అరవలేదు. ఇందాకటి కోపం నిప్పులా ఉండేది, ఎవరినైనా కాల్చేది. ఇది చల్లగా ఉంది. కాలు చాపి ఏసీ తీగెను మడమతో తన వైపు లాక్కున్నాడు. అజ్మత్ వేళ్ళకు అందకుండా ప్లగ్గు నేల మీద గీసుకుంటూ వచ్చింది. దాన్ని ఎడమ గుప్పిట్లో బిగించి పట్టుకుని, కుడి చేత్తో టేపును మళ్ళీ ఆ మాటల దాకా వెనక్కి తిప్పే మీట నొక్కాడు.